అడుగు అరలోని పుస్తకం

"ఆ గిన్నె అక్కడ పెట్టకు అక్కా. నీ చేతి బువ్వ నా బిడ్డ తినది."

ఆగమ్మ గట్టిగా ఏమీ అరవలేదు. రోజూ మాట్లాడే గొంతుతోనే అన్నది. అందుకే దేవమ్మ వంగినది వంగినట్టే ఆగిపోయింది.

గడప అవతల గది తలుపు నిన్న పొద్దున మూసుకున్నది, మళ్లీ తెరుచుకోలేదు. లోపల పద్నాలుగేండ్ల శివలీల. ఆగమ్మ కడుపున పుట్టినా, తోడికోడలు దేవమ్మ కొంగు పట్టుకునే పెరిగింది. తండ్రి మొగులయ్యను పోలీసులు జీపెక్కించినప్పటి నుంచి ఆ పిల్ల ఒక్క మెతుకు ముట్టలేదు. ఒక్క మాట మాట్లాడలేదు.

"నా మీది కోపం బువ్వ మీద తీయకు ఆగమ్మా. పిల్ల కడుపు ఎండిపోతుంది."

"కోపమైతే నాలుగు తిట్టి ఊకుందు. కోపం గాదు. నిన్ను చూస్తే నాకు భయమైతుంది."

అరుగు మీద కూర్చున్న మామ కొమురయ్య ఆరిపోయిన బీడీని మళ్లీ వెలిగించుకోలేదు. నిన్నటి నుంచి ఆయన నోట్లో నుంచి పొగ తప్ప మాట రాలేదు.

"ఊర్ల ఇంతమంది పిల్లలున్నరు," ఆగమ్మ అన్నది. "వాళ్లందరికి రాజుల కథలిస్తివి, దొంగల కథలిస్తివి. నా బిడ్డకే ఆ నీళ్ల పుస్తకం ఎందుకిస్తివి?"

దేవమ్మ దగ్గర జవాబు ఉంది. కానీ అది ఈ వాకిట్లో చెప్పే జవాబు కాదు.

పన్నెండేండ్లుగా పంచాయతీ ఆఫీసు పక్కగదిలోని లైబ్రరీ ఆమె చేతుల మీదే నడుస్తోంది. రెండు బీరువాలు, ఒక బల్ల. పై అరల్లోని మంత్రాల కథలకు, బొమ్మల పుస్తకాలకు పిల్లలు కొట్టుకుంటారు. అడుగు అరలోవి ఎవరూ అడగరు. వాటి అట్ట లోపల అంటించిన తారీకుల కాయితం మీద ఒక్క ముద్ర కూడా ఉండదు. సంగారెడ్డి నుంచి పెట్టెల్లో వచ్చి, పెట్టిన చోటే మట్టిపట్టి ఉంటాయి.

దేవమ్మ వాటిని ఒక్కొక్కటిగా ఇంటికి తెచ్చుకుని చదివింది. వంట చేస్తూ, పేడ ఎత్తి వచ్చి, జ్వరంలో పడుకుని చదివింది. ఏది ఏ పిల్లకు సరిపోతుందో మనసులో పెట్టుకుని, ఆ పిల్ల వచ్చినప్పుడు తెల్లగా ఉన్న తారీకుల కాయితం తీసి చూపించేది. "చూడు, దీన్ని ఇంతవరకు ఎవ్వరు సదవలేదు. నువ్వే మొదటిదానివి." ఆ మాటకు ఏ పిల్లా వద్దని అనలేదు.

శివలీలకు మాత్రం కథలు పట్టవు. ఏ కథ ఇచ్చినా రెండు పేజీలు తిప్పి, "ఇది నిజంగ అయిందా పెద్దమ్మా?" అని అడిగి మూసేస్తుంది. ఆ పిల్ల కోసం దేవమ్మ ఏడాది పాటు వెతికింది. చివరికి నీలం అట్టతో ఒక సన్నటి పుస్తకం దొరికింది. ఏదో పల్లెటూరి బడిపంతులు రాసింది. నీళ్ల వాసన చూడడం, రంగు చూడడం, దాసాని మందార పువ్వు రుద్దిన కాయితం ముంచి, అది ఎర్రబడితే నీళ్లలో పులుపు కలిసిందని తెలుసుకోవడం. ఎనిమిదేండ్లు ఎవరూ తెరవని పుస్తకం అది.

శివలీల దాన్ని ఒక్కరోజులో చదివి, మరునాడు పొద్దున్నే వాగుకు పోయింది.

మూడు నెలలు పోయింది. రోజూ బడికి ముందు ఒక కాయితం ముంచడం, ఆరబెట్టడం, నోటుబుక్కులో అంటించి పక్కన తారీకు, వారం, రంగు రాయడం. జిన్నారంలో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు ఆ నోటుబుక్కు కూడా బల్ల మీద పెట్టింది. చూడవచ్చిన కాలుష్య ఆఫీసు సారు ఒకాయన నిలబడి పేజీలు తిప్పాడు. మళ్లీ మొదటి నుంచి తిప్పాడు. సోమవారం ఎరుపు. బేస్తవారం ఎరుపు. మిగతా రోజుల్లో ఏమీ లేదు.

బుక్కును అడిగి తీసుకుపోయిన ఆయన, ఎవరికీ చెప్పకుండా నిన్న బేస్తవారం తెల్లవారుజామున వాగుగట్టు మీద కాపు కాశాడు. మందుల ఫ్యాక్టరీ మురికినీళ్లు తెచ్చి వాగులో వదులుతున్న ట్రాక్టర్ ట్యాంకరు పట్టుబడింది. దాన్ని నడుపుతున్నది మొగులయ్య.

"ఒక్కటి అడుగుత. నిజం చెప్పు," ఆగమ్మ ఈసారి దగ్గరికి వచ్చింది. "సోమవారం, బేస్తవారం అని నీకెప్పుడు ఎరుకైంది?"

దేవమ్మ గిన్నెను కింద పెట్టింది.

"ఎగ్జిబిషన్‌కు పదిహేను దినాల ముంగట. బుక్కు తెచ్చి చూపించింది. ఎందుకు రెండే దినాలు పెద్దమ్మా అని అడిగింది."

"ఒక్క గోడ అవతల్నే పండుకుంటవు. ట్రాక్టర్ చప్పుడు నీకు ఇనబడదా?"

"ఇనబడ్డది."

"మరి?"

"ఏమని ఆపుదు ఆగమ్మా? చూసింది చూడలేదని రాయమందునా పిల్లను?"

"పిల్లను ఎందుకు ఆపుడు? మొగులయ్యకు చెప్పకపోతివా! ఒక్క మాట. ఇగ పోకు మరిదీ అని ఒక్క మాట చెప్తే ఆయన పోకపోవు. నా మొగడు ఇయ్యాల ఇంట్ల ఉండు."

చెప్పాలని దేవమ్మ అనుకోకపోలేదు. రేపు చెబుదాం అనుకుంది. మరిది ఒంటరిగా దొరికినప్పుడు చెబుదాం అనుకుంది. ఒకరోజు మోటబావి దగ్గర ఒంటరిగానే దొరికాడు. వేళ్ల సందుల్లో తోలు ఊడి, చేతులకు కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. ఆమె చూసి, తలకాయ దించుకుని వచ్చేసింది. ఎందుకు వచ్చేసిందో ఇప్పటికీ ఆమెకు తెలియదు.

వాకిలి తలుపు చప్పుడైంది. దేవమ్మ భర్త అంజయ్య లోపలికి వచ్చాడు. పొద్దున అదే మందుల ఫ్యాక్టరీలో డ్యూటీకి పోయినవాడు పదకొండు గంటలకే తిరిగి వచ్చాడంటే ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు.

"గేటు కాడ్నే ఆపిండ్రు," అన్నాడు. "కార్డు గుంజుకున్నరు. ఇంట్ల సంగతి సక్కబెట్టుకొని రమ్మన్నరు."

భార్య ముఖం చూడకుండానే లోపలికి పోయాడు.

*

సాయంత్రం నాలుగింటికి దేవమ్మ లైబ్రరీ తలుపు తీసింది. తీయకుండా ఉండవచ్చు. ఎవరూ ఏమీ అనరు. కానీ ఇంట్లో కూర్చోలేకపోయింది.

రోజూ తలుపు తీయకముందే గుంపుగా నిలబడే పిల్లలు ఇవాళ ఒక్కొక్కరుగా వచ్చారు. ఎవరూ గడప దాటలేదు.

మొదట బాలమణి. నక్షత్రాల పుస్తకాన్ని గడప మీద నుంచే బల్ల వైపు చాపింది. "మా నాయిన ఇచ్చెయ్యమన్నడు అత్తా."

"అయిపోయిందా సదువుడు?"

"సగమయింది."

తరువాత రాజేశ్వరి. విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఒక ఊరి మంత్రసాని కూతురు రాసుకున్న డైరీ ఆమెది. ఎనిమిదో తరగతి పిల్ల, ఆ పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటానని పోయిన వారమే చెప్పింది. ఇవాళ గడప మీదే పెట్టి పరుగెత్తింది.

వాళ్ల వెనక ఇంకో ఇద్దరు. పడవ మునిగి ఒంటరి దీవిలో చిక్కిన ముసలి బెస్తవాడి కథ ఒకరిది, పాటల పుస్తకం ఒకరిది. పిల్లల తండ్రులందరూ ఆ ఫ్యాక్టరీలోనే. ఒకరు ప్యాకింగ్, ఒకరు లోడింగ్. పొద్దున గేటు దగ్గర అంజయ్యను ఆపినప్పుడు అందరూ చూశారు.

చివరికి మల్లమ్మ తన కూతురు సుగుణను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. చేతిలో రైల్వే గోదాములో దొంగతనం జరిగిన కథ.

"ఏమనుకోకు అక్కా," మల్లమ్మ నేల చూస్తూ అన్నది. "నీ మీద మాకు ఏం లేదు. ఆ నీళ్లకు మా బర్రెలు గూడ సచ్చినయ్. కని ఆయన పనిపోతే మేం ఏడికి పోవాలె?"

"నేనేమనుకుంట మల్లమ్మా. పుస్తకమియ్యి."

సుగుణ ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని, "దొంగ ఎవరో చెప్పు అత్తా. గట్లనన్న ఇస్త," అన్నది.

దేవమ్మ ఎప్పుడూ ఏ పుస్తకం చివర చెప్పలేదు. ఎంత బతిమాలినా చెప్పలేదు. ఇప్పుడు మల్లమ్మ వైపు చూసింది.

"చెప్పక్కా. లేకుంటే మాపటి దాక గిదే ఏడుపు."

దేవమ్మ పుస్తకం తీసుకుని ఆఖరి నాలుగు పేజీలు గట్టిగా చదివింది. దొంగ ఎవరో కాదు, అందరూ దయ తలిచి అన్నం పెడుతున్న కుంటి పోర్టరు. ఆ మాట వినగానే సుగుణ నోరు తెరిచింది. పోయారనుకున్న పిల్లలు గోడ మూల నుంచి మళ్లీ వచ్చారు. గడప బయటే నిలబడి, "మాది గూడ అత్తా," అన్నారు.

ముసలి బెస్తవాడు ఇల్లు చేరాడో లేదో చెప్పింది. మంత్రసాని కూతురి రాతల్లో చివరి పేజీ చదివింది. పిల్లలు వింటున్నంత సేపు ఆమె గొంతు బాగానే ఉంది. వాళ్లు పోయాక బల్ల మీది ఐదు పుస్తకాలను చూస్తే, తన చేత్తో తానే ఏదో చంపినట్టు అనిపించింది. చివర తెలిసిన పుస్తకం కోసం మళ్లీ ఎవరు వస్తారు?

*

దీపాలు పెట్టే వేళకు ఐలన్న ఇంటికి వచ్చాడు. ఫ్యాక్టరీకి కిరాయి ట్యాంకర్లు పెట్టేది ఆయనే. పక్క ఊరివాడే, ఈ ఇంట్లో పెండ్లిళ్లకు భోజనం చేసినవాడే. చేతిలో టైపు కొట్టించిన కాయితం.

"కొమురయ్య కాకా, నేను మీ మంచికే వచ్చిన," అన్నాడు చెప్పులు విప్పుతూ. "ఒక్కదినం ట్యాంకరు లీకైందంటే చిన్న కేసు. జమానత్ మీద బయటికొచ్చి రేపు పొద్దుగాల్నే మొగులయ్య ఇంట్ల ఉంటడు. కని ఆ నోటుబుక్కు ఉన్నది చూడు, మూడు నెలల లెక్క చెప్తది. అది నిలవడితే ఇగ కేసు చిన్నగుండది."

"కంపెనీ ఏమంటది?" అంజయ్య అడిగాడు.

"ట్యాంకరు మాది గాదు, ఆ డ్రైవర్ ఎవడో మాకెరుక లేదు అంటది. ఇంకేమంటది?"

ఐలన్న కాయితాన్ని దేవమ్మ ముందు పెట్టాడు.

"వదినె సదువుకున్నది. నేను చెప్పేదేం లేదు."

దేవమ్మ చదివింది. ఆ నోటుబుక్కులోని లెక్కలు వాగు దగ్గర తీసినవి కావు. ఎగ్జిబిషన్‌లో బహుమతి కోసం నేనే ఇంట్లో రంగులు పూసి, పిల్ల చేత రాయించాను. పిల్లకు ఏమీ తెలియదు. అంతే ఉంది అందులో.

"ఇది అబద్ధం," అన్నది.

"అబద్ధమే వదినె. నేను కాదంటున్ననా? సంతకం పెట్టకుంటే ఏమైతదో గూడ విను. సారు ఆ పొల్లను పిలిపిస్తడు. తండ్రి పక్కకే నిలవెట్టి, ఈ రాత నీదేనా, ఈ తారీకు నీదేనా అని అడుగుతడు. అవునంటే తండ్రి జైలుకు. కాదంటే అబద్ధాలకోరు. పద్నాలుగేండ్ల పొల్ల. నువ్వే సోంచాయించు."

అంజయ్య గొంతు తగ్గించి, "పెట్టు," అన్నాడు. "నీ లైబ్రరీ పోతది. పోనియ్."

దేవమ్మ మామ వైపు చూసింది. వాగు పక్కన ఆయన రెండెకరాల మడి ఆరేండ్ల కింద తెల్లగా ఉప్పు పట్టి చచ్చిపోయింది. ఆ నీళ్ల సంగతి ఈ ఊళ్లో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆయన వద్దంటే చాలు అనుకుంది.

నిన్నటి నుంచి మొదటిసారి కొమురయ్య నోరు తెరిచాడు. "భూమి పోయింది. కొడుకన్న ఉండనియ్ దేవమ్మా."

ఆగమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. బతిమాలలేదు, తిట్టలేదు. దేవమ్మ చేతినే చూస్తోంది.

దేవమ్మ పెన్ను తీసుకున్నప్పుడు గది తలుపు తెరుచుకుంది. శివలీల గడపలో నిలబడింది. పెదవులు ఎండి, జుట్టు చెదిరి ఉంది.

"పెద్దమ్మా, నువ్వు సంతకం పెడితే నేను అబద్ధం రాసినట్టేనా?"

"నువ్వు గాదు బిడ్డా. నేను రాయించినట్టు."

"రెండు ఒక్కటే గదా."

"ఒక్కటి గాదు. నువ్వు నాయిన ముంగట నిలవడేది లేదు. ఎవ్వరు నిన్ను ఏం అడగరు."

"అడగాలె," అన్నది శివలీల. "నేను రోజు పోయిన. వానలగూడ పోయిన. అడిగితేనే గదా చెప్తా."

దేవమ్మ కాయితం మీద పెన్ను ఆనించింది. తన పేరు పూర్తిగా రాసింది. కింద లైబ్రరీ ముద్ర కూడా వేయాలన్నాడు ఐలన్న. అది సంచిలోనే ఉంది. తీసి వేసింది.

శివలీల ఏడవలేదు. పెద్దమ్మ ముఖాన్ని కొత్తగా చూస్తున్నట్టు కొంచెంసేపు చూసి, మళ్లీ లోపలికి పోయింది. ఈసారి తలుపు వేసుకోలేదు. వేసుకున్నా బాగుండేది అనిపించింది దేవమ్మకు.

*

శనివారం ఎండ వాకిట్లోకి దిగేసరికి మొగులయ్య వచ్చాడు. ఐలన్న స్కూటర్ మీద మూలమలుపు దాకా తెచ్చి దింపిపోయాడు.

ఆగమ్మ నీళ్లు కాచింది. మొగులయ్య స్నానానికి లేవలేదు. బండ మీద కూర్చుని, చేతులు మోకాళ్ల మీద వేలాడేసుకుని, "శివలీలను పిలువు," అన్నాడు.

"ఇప్పుడెందుకు పిల్లను..." ఆగమ్మ అడ్డుపడబోయింది.

"కొట్టను. పిలువు."

శివలీల తనంత తానే వచ్చింది. తండ్రికి నాలుగడుగుల దూరంలో నిలబడింది.

"నీ బుక్కు ఠాణల బల్ల మీద పెట్టిండ్రు," అన్నాడు మొగులయ్య. "సారు ఒక్కొక్క పేజి తిప్పుకుంట, ఈ దినం పోసినవా, ఈ దినం పోసినవా అని అడిగిండు. నేను ఏం చెప్పలేదు. కని చూసిన. ఒక్క తారీకు గూడ తప్పు లేదు బిడ్డా."

పిల్ల ఒక అడుగు ముందుకు వేసింది.

"బర్రె ఈనిన సోమవారం నేను బండి తియ్యలేదు. ఆ దినం రంగు మారలేదు అని రాసినవ్. అది చూసినంక నాకు చెమటలు పట్టినయ్."

నిన్న దేవమ్మ సంతకం చేసిన కాయితం ఇప్పటికే ఆఫీసుకు చేరి ఉంటుంది.

"శనివారాలు గూడ రాసినవ్," మొగులయ్య అన్నాడు. "ఏం లేదని రాసినవ్."

"శనివారం మారదు నాయినా. నేను మంచిగ చూసిన."

"వాగుల మారదు. శనివారం నేను వాగుకు పోలె."

అంజయ్య తల ఎత్తాడు. "ఏడికి పోయినవ్ మరి?"

మొగులయ్య తండ్రి వైపు చూశాడు. కొమురయ్య ముఖం తిప్పుకున్నాడు. అప్పుడు అర్థమైంది దేవమ్మకు, ముసలాయనకు ఇది కొత్త సంగతి కాదని.

"బడెనుక ఎండిపోయిన సర్కారు బోరు ఉన్నది గదా," అన్నాడు మొగులయ్య. "ఐలన్న చూపెట్టిండు. పైపు పెట్టి ఆ నీళ్లు అండ్ల దింపిన. ఏడాది సంది."

ఆగమ్మ చేతిలోని చెంబు జారి నీళ్లు వాకిలంతా పారాయి. ఎవరూ దాన్ని ఎత్తలేదు.

"ఆ బోరుకు, బడి పిల్లలు తాగే బోరింగ్‌కు నడుమ పది అడుగులు గూడ లేదు," అంజయ్య మెల్లగా అన్నాడు. తమ్ముడికి చెప్పినట్టు లేదు. తనకు తానే చెప్పుకున్నట్టు ఉంది.

కొమురయ్య అరుగు దిగాడు. కర్ర లేకుండానే నడిచిపోయి, వాకిలి తలుపు మూసి గొళ్లెం పెట్టాడు. దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఈ మాట ఈ వాకిలి దాటద్దు."

దేవమ్మ అప్పటికే కొంగు నడుముకు చెక్కుకుంది.

"ఏడికి?" అన్నాడు.

"బడికి."

"పోయి ఏం చెప్తవ్? నీళ్ల లెక్క అబద్ధమని నిన్న నువ్వే రాసిచ్చినవ్. ముద్ర గూడ ఏసినవ్. ఇయ్యాల నీ మాట ఎవడు నమ్మాలె?"

ఆమె అడుగు అక్కడే ఆగిపోయింది. నిజమే. సారు నమ్మడు. హెడ్‌మాస్టరు నమ్మడు. నిన్న గడప దాటని పిల్లల తల్లిదండ్రులు అసలే నమ్మరు.

గోడ అవతల బడి గంట కొట్టారు. ఆ వెనకే బోరింగ్ కిర్రుమంటూ పలికింది. ఎవరో కొడుతున్నారు. పిల్లలు నవ్వుతున్నారు.

శివలీల తడి నేల మీద నడిచి పెద్దమ్మను దాటింది. తల్లిని దాటింది. తాత ముందు నిలబడి, ఆయన వీపు వెనక ఉన్న గొళ్లెం వైపు చెయ్యి చాపింది.

"జరుగు తాతా."

కొమురయ్య జరగలేదు.